థామస్ ఫుల్లర్: తడిసి మోపెడైన అంచనాలు, మంటకు నిలిచిన గ్రంథాలయం

పంతొమ్మిదో శతాబ్దపు కెనడా వాస్తుశిల్పుల్లో థామస్ ఫుల్లర్ పేరు ముందు వరసలో ఉంటుంది. ఒట్టావాలో తొలి పార్లమెంటు భవనాన్ని గీసింది ఆయనే. అయితే ఆ భవనం 1916లో కాలిపోయింది. అమెరికాలో ఆయన మొదలుపెట్టిన మరో పెద్ద భవనాన్ని మధ్యలోనే ఆయన చేతుల్లోంచి తీసేసి వేరేవాళ్లకు అప్పగించారు. కడుతున్నప్పుడు రెండుచోట్లా ఆయన్ను చిక్కుల్లో పడేసింది డబ్బే. అంచనా ఒకటి, అయిన ఖర్చు ఇంకొకటి. అందుకే ఫుల్లర్‌ను భవనాల అందం వైపు నుంచి మాత్రమే చూస్తే సగం మనిషే కనిపిస్తాడు. ప్రభుత్వ భవనం కాగితం మీద నుంచి నేల మీదకు దిగేటప్పుడు ఎక్కడ దెబ్బతింటుందో, ఆ దెబ్బ ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఫుల్లర్ 1823 మార్చి 8న ఇంగ్లండ్‌లోని బాత్‌లో పుట్టారు. ఊరంతా తేనెరంగు సున్నపురాయితో కట్టిన పట్టణం అది. జేమ్స్ విల్సన్ అనే వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఆయనకే భాగస్వామి అయ్యారు. ఇరవై రెండేళ్ల వయసులో దక్కిన పని కరీబియన్ దీవి ఆంటిగ్వాలోని సెయింట్ జాన్స్ కెథడ్రల్. అక్కడ అంతకుముందున్న చర్చి 1843 భూకంపంలో కూలిపోయింది. కొత్తదానికి 1845లో శంకుస్థాపన జరిగింది, 1848లో ప్రతిష్ఠ చేశారు.

ఈ కెథడ్రల్‌ను లోపలి నుంచి చూస్తేనే విషయం తెలుస్తుంది. బయట రాతి గోడలు, రెండు గోపురాలు. లోపల మాత్రం స్తంభాలు, కమానులు, పైకప్పు అన్నీ పిచ్ పైన్ అనే దేవదారు జాతి కలపే. రాతి పెట్టెలో చెక్క పెట్టె పెట్టినట్టు కట్టారు. రాతి గోడ బరువును బాగా మోస్తుంది గానీ పక్కకు ఊపితే తట్టుకోలేదు, అతుకుల దగ్గర విడిపోతుంది. కలప వంగుతుంది, మళ్లీ నిటారవుతుంది. భూకంపం వచ్చినా తుపాను గాలి వీచినా లోపలి చట్రం నిలబడాలన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశం. 1974లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు కట్టడం బాగానే దెబ్బతింది గానీ కూలిపోలేదు. స్థలాన్ని బట్టి కట్టడం ఫుల్లర్‌కు మొదటినుంచీ తెలుసు. తర్వాత ఒట్టావాలో జరిగిన దాన్ని చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1857లో ఆయన కెనడా వచ్చి టొరంటోలో స్థిరపడ్డారు. చిలియన్ జోన్స్‌తో కలిసి కార్యాలయం పెట్టారు. కాలేజ్ స్ట్రీట్‌లోని సెయింట్ స్టీఫెన్ చర్చి ఆ రోజుల పనే. రెండేళ్లు తిరగకుండానే దేశంలోకెల్లా పెద్ద పోటీ ఆయన ముందుకొచ్చింది.

విక్టోరియా రాణి ఒట్టావాను రాజధానిగా ఎంపిక చేశాక, అక్కడ బ్యారక్ హిల్ అనే గుట్ట మీద పార్లమెంటు, శాఖల కార్యాలయాలు, గవర్నర్ జనరల్ నివాసం కట్టాలని పబ్లిక్ వర్క్స్ శాఖ 1859 మే 7న పోటీ ప్రకటించింది. పార్లమెంటు భవనానికి పెట్టిన హద్దు 3 లక్షల డాలర్లు. కార్యాలయ భవనాలకు 2 లక్షల 40 వేలు. మొత్తం 298 చిత్రాలు వచ్చాయి. ‘సెంపర్ పరాటస్’ అనే మారుపేరుతో ఫుల్లర్, జోన్స్ పంపిన నమూనా పార్లమెంటు విభాగంలో గెలిచినట్టు ఆగస్టు 29న ప్రకటించారు. కార్యాలయాల విభాగం థామస్ స్టెంట్, ఆగస్టస్ లేవర్ జంటకు దక్కింది. డిసెంబరు 20న తవ్వకం మొదలైంది.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆదిలోనే హంసపాదు ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఫలితాలకూ తవ్వకానికీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు. పోటీ చిత్రమంటే భవనం ఎలా కనబడుతుందో, గదులు ఎలా అమరుతాయో చెప్పే బొమ్మ. దాని ఆధారంగా పని చిత్రాలు గీయాలి, కొలతలు తీయాలి, ఏ గోడకు ఎంత రాయి పడుతుందో లెక్కవేయాలి, స్పెసిఫికేషన్లు రాయాలి, టెండర్లు పిలవాలి, ఒప్పందం కుదుర్చుకోవాలి. ఇంత పెద్ద కట్టడానికి ఇదంతా నాలుగు నెలల్లో సక్రమంగా చేయడం సాధ్యం కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, నేల కింద ఏముందో చూడటం. అదీ సరిగా జరగలేదు.

గుట్ట కింద బండ ఒకే మట్టాన లేదు. అనుకున్నదానికన్నా ముందే బండ తగిలిన చోట మందుపెట్టి పేల్చాల్సి వచ్చింది. దానికి తోడు పునాది మట్టాన్ని మొదట గీసినదానికంటే దాదాపు 17 అడుగులు కిందికి దించారు. పునాది అంత దిగితే ఖర్చు తవ్వకంతో ఆగదు. దాని మీద లేచే గోడ కూడా అంత ఎత్తు పెరుగుతుంది. కిందిభాగంలో గోడ మందం ఎక్కువ కాబట్టి ప్రతి అడుక్కీ పట్టే రాయి, సున్నం, కూలి అన్నీ పై అంతస్తు లెక్కకన్నా ఎక్కువే. ఇంటి పునాది రెండడుగులు అదనంగా దిగితే ఖర్చు ఎంత పెరుగుతుందో ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు. అక్కడ కట్టింది మూడు వైపులా పరచుకున్న భవనాల సముదాయం.

రెండో దెబ్బ వేడి, గాలి ఏర్పాటు వల్ల తగిలింది. ఒట్టావా చలికాలంలో నదులు గడ్డకడతాయి. అంత చలిలో సభా మందిరాలను వెచ్చగా ఉంచాలి, వందల మంది కూర్చున్నచోట గాలి మారుస్తుండాలి. ఇది భవనానికి గుండెకాయ లాంటి పని. కానీ ప్రధాన కాంట్రాక్టులో దీన్ని చేర్చలేదు. మాంట్రియల్‌కు చెందిన చార్లెస్ గార్త్‌కు విడిగా ఇచ్చారు. గాలి సొరంగాలు, బాయిలర్ గదులు, పొగ గొట్టాల దారులు ఎక్కడెక్కడ రావాలో తేలేసరికి గోడల పని మొదలైపోయింది. దాంతో బండలో మళ్లీ తవ్వకం, కట్టిన గోడల్లో మార్పులు. వీటిలో ఏదీ అసలు టెండర్లో లేదు. మన ఇంజనీరింగ్ శాఖల్లో ఎక్స్‌ట్రా ఐటమ్స్ అనే పద్దు ఎలా పెరుగుతుందో అక్కడా అలాగే పెరిగింది. పార్లమెంటు భవనం కాంట్రాక్టర్ థామస్ మెక్‌గ్రీవీ. అదనపు పనికి ఏ రేటు కట్టాలన్నది పెద్ద తగాదా అయింది. పోటీలో తక్కువ ధర వేసి పని దక్కించుకున్నవాడికి అదనపు పనిలోనే లాభం ఉంటుంది. రేట్ల పట్టిక గట్టిగా రాసుకోని ఒప్పందంలో ఆ లాభానికి హద్దుండదు.

పైగా రాయి. బయటి గోడలకు దగ్గర్లోని నెపియన్ ఇసుకరాయిని వాడారు. అందులో క్వార్ట్జ్ పాళ్లు చాలా ఎక్కువ. అందుకే గట్టిది, చలికి చెక్కుచెదరదు. అందుకే ఉలికి లొంగదు కూడా. రాతిముఖాన్ని గరుకుగా వదిలేసి గోడ పేర్చడానికి బాగుంటుంది గానీ, మొనదేలిన కమానులుండే గోథిక్ శైలికి ప్రాణమైన ఆకులు, తీగలు, కిటికీ చట్రాల నగిషీ దానిలో చెక్కడం చాలా కష్టం. నగిషీ పని కోసం అమెరికాలోని ఒహాయో నుంచి మెత్తని ఇసుకరాయిని తెప్పించారు. కిటికీల పైన బరువును పక్కలకు మళ్లించే కమానులకు ఎర్రని పాట్స్‌డామ్ రాయి వేశారు. మూడు రాళ్లు మూడు రంగులు. ఈ రంగుల ఆట హై విక్టోరియన్ గోథిక్ శైలికి గుర్తు. నెపియన్ రాయిలోని ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ గాలికి తుప్పుబట్టి, బూడిదరంగు రాయికి తేనెరంగు, గోధుమరంగు మచ్చలు తెస్తుంది. ఇప్పుడు ఆ కొండ మీది గోడలు చూసి మురిసిపోయే రంగు సగం ఫుల్లర్‌ది, సగం ఆ ఇనుముది.

1860 సెప్టెంబరు 1న వేల్స్ యువరాజు వచ్చి మూలరాయి వేశారు. ఏడాది తిరిగేసరికి ఖజానా ఖాళీ అయింది. మొత్తం కొండ మీది పనులకు ఖర్చు 14 లక్షల డాలర్లు దాటేసింది, గోడలు ఇంకా పూర్తి కాలేదు. 1861 శరత్కాలంలో పనులు ఆపేశారు. సగం లేచిన గోడలకు టార్పాలిన్లు కప్పి వదిలేశారు. 1862లో విచారణ కమిషన్ వేశారు. తొందరపాటు, స్థలం మీద సరైన పరిశీలన లేకపోవడం, పబ్లిక్ వర్క్స్ శాఖ లెక్కల్లో అలసత్వం అన్నీ బయటపడ్డాయి. 1863లో పని మళ్లీ మొదలైనప్పుడు ఫుల్లర్‌తో పాటు క్యూబెక్‌కు చెందిన చార్లెస్ బయార్జేను కూడా వాస్తుశిల్పిగా నియమించారు.

ఈ వ్యవహారంలో ఫుల్లర్ తప్పెంత? బండ పరీక్ష లేకుండా టెండర్ పిలవడం శాఖ నిర్ణయం. 3 లక్షల హద్దు అంత పెద్ద భవనానికి చాలదని పోటీ ప్రకటించినప్పుడే తెలియాల్సింది. కానీ ఆ హద్దులో పడుతుందన్నట్టుగా అంత ఆడంబరమైన నమూనా పంపింది ఫుల్లరే. పోటీలో నిజం ధర చెప్పినవాడు ఓడిపోతాడు. ఈ చిక్కు ఆయనకు అర్థమై ఉండాలి. తెలిసే దిగారని అనుకోవడానికే ఎక్కువ ఆస్కారముంది.

1866 జూన్‌లో కొత్త భవనంలో తొలి సమావేశం జరిగింది. మరుసటేడు జులై 1న కెనడా సమాఖ్య ఏర్పడినప్పుడు, ఒక వలస రాష్ట్రానికి కట్టిన భవనం ఒక దేశానికి పార్లమెంటు అయింది. అప్పటికి గ్రంథాలయం ఇంకా పూర్తి కాలేదు.

ఆ గ్రంథాలయాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఫుల్లర్ పనిలో అసలు ప్రతిభ అక్కడే ఉంది. ప్రధాన భవనం ముందువైపు క్రమబద్ధంగా, మధ్యన గోపురంతో, రెండు పక్కలా సమానంగా ఉండేది. వెనక నది వైపు గ్రంథాలయాన్ని వేరే ఆకారంలో తీర్చారు. పదహారు ముఖాల గుండ్రని కట్టడం, చుట్టూ గోడకు దూరంగా నిలిచి కమానుతో దాన్ని ఆనుకునే పదహారు ‘ఎగిరే’ ఆనుగోడలు, పైన కోణాకారపు కప్పు, కొసన వెలుతురు గూడు. లోపలి హాలు అడ్డంగా 90 అడుగులు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. బ్రిటిష్ మ్యూజియంలోని గుండ్రని పఠన మందిరం ఆ నమూనాకు ప్రేరణ.

గ్రంథాలయాధికారి ఆల్ఫియస్ టాడ్ కోరిక ప్రకారం దీన్ని ప్రధాన భవనానికి అంటించి కట్టలేదు. మధ్యలో ఒక నడవా పెట్టి, ఆ నడవాలో ఇనుప తలుపులు బిగించారు. కెనడా పార్లమెంటు పుస్తకాలు అంతకుముందు మాంట్రియల్‌లోనూ క్యూబెక్‌లోనూ మంటల్లో పోయాయి. ఆ దెబ్బలు తిన్నాక వచ్చిన ఆలోచన అది.

కప్పు దగ్గర పని చిక్కుబడింది. అంత వెడల్పు గోపురం ఎత్తడం అక్కడి కాంట్రాక్టర్లకు చేతకాలేదు. గుండ్రని కప్పు కింది అంచు ఎప్పుడూ గోడను బయటికి నెడుతుంది. ఆ నెట్టుడును ఆనుగోడలు కొంతవరకే మోస్తాయి. కప్పు ఎంత తేలికైతే అంత మంచిది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన ఫెయిర్‌బెయిర్న్ సంస్థ దగ్గర చేత ఇనుప పక్కటెముకలను ముందే తయారు చేయించి, ఓడలో తెప్పించి బిగించారు. ఉత్తర అమెరికాలో చేత ఇనుప కప్పున్న తొలి భవనం ఇదేనని చెబుతారు. ఫుల్లర్ అప్పటికి దేశంలో లేరు. పబ్లిక్ వర్క్స్ శాఖ ప్రధాన వాస్తుశిల్పి థామస్ సీటన్ స్కాట్ ఆధ్వర్యంలో పని ముగిసి, 1876లో గ్రంథాలయం తెరుచుకుంది. లోపల మూడు అంతస్తుల అరలు, వాటి మీద తెల్ల పైన్ చెక్కతో చెక్కిన పూలు, ముఖాలు, జంతువులు, నేలకు ఓక్, చెర్రీ, వాల్‌నట్ ముక్కల పొదుగుపని.

1916 ఫిబ్రవరి 3 రాత్రి ప్రధాన భవనంలోని చదువుకునే గదిలో మంట లేచింది. వార్నిష్ పూసిన ఎండు పైన్ పలకలు, కాగితాలు, పొడవాటి నడవాలు. మంటకు అంతకన్నా ఏం కావాలి? ఏడుగురు చనిపోయారు. అర్ధరాత్రి వేళకు గోపురంలోని గంట కింద పడిపోయింది. గ్రంథాలయం మాత్రం మిగిలింది. ఒక ఉద్యోగి సమయానికి ఇనుప తలుపులు మూయించడం వల్ల మంట నడవా దాటలేదు. తర్వాత జాన్ పియర్సన్, ఒమెర్ మార్షాన్ కట్టిన కొత్త ప్రధాన భవనానికి ఉక్కు చట్రం వేశారు. అది చూడటానికి గోథిక్కే గానీ ఫుల్లర్‌ది కాదు. గ్రంథాలయం 1952లో మరో మంటకు, దాన్ని ఆర్పిన నీళ్లకు తడిసింది. చెక్క పలకలన్నీ ఊడదీసి శుభ్రం చేయించి మళ్లీ బిగించాల్సి వచ్చింది. 2002 నుంచి 2006 దాకా మళ్లీ పెద్ద మరమ్మతు జరిగింది. అన్ని నగిషీలున్న ఆ కట్టడాన్ని 1916లో కాపాడింది ఒక నడవా, ఒక జత తలుపులు. ప్లాన్‌లో తీసుకున్న నిర్ణయం అలంకారం కన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ఫుల్లర్ 1860ల చివర్లో న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి వెళ్లారు. అక్కడి క్యాపిటల్ భవనానికి చట్టం పెట్టిన హద్దు 40 లక్షల డాలర్లు. ఒట్టావా కథే ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. గోడలు పైకి రాకముందే హద్దు దాటింది. రాజకీయాలు మారాయి. లియోపోల్డ్ ఐడ్లిట్జ్, హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్, ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌లతో సలహా మండలి వేసి, 1876లో ఫుల్లర్‌ను తప్పించారు. కింది అంతస్తులు ఆయన ఇటాలియన్ రినైసాన్స్ పద్ధతిలో ఉంటే, పైవి కొత్తవాళ్ల రోమనెస్క్ పద్ధతిలో, అంటే బరువైన గుండ్రని కమానులతో లేచాయి. ఈ శైలి మార్పు మీద అమెరికా వాస్తుశిల్పులు పత్రికల్లో బాహాటంగా పోట్లాడుకున్నారు. అంచనాలు తప్పాయని ఆయన్ను పంపేశారు సరే, తర్వాత ఏమైంది? భవనం పూర్తయింది 1899లో, ఖర్చు 2 కోట్ల 50 లక్షల డాలర్లు. ఐడ్లిట్జ్ గొప్పగా కట్టిన అసెంబ్లీ హాలు రాతి కప్పు పగుళ్లిచ్చి రాళ్లు రాలడంతో 1880ల చివర్లో తీసేశారు. తప్పు ఒక మనిషిది మాత్రమే కాదని ఆల్బనీ అంకెలే చెబుతాయి.

యాభై ఎనిమిదేళ్ల వయసులో, 1881లో ఫుల్లర్ ఒట్టావా తిరిగొచ్చారు. ఈసారి పోటీలో గెలిచిన బయటి మనిషిగా కాదు, పబ్లిక్ వర్క్స్ శాఖలో ప్రధాన వాస్తుశిల్పిగా, స్కాట్ వారసుడిగా. మంత్రి హెక్టర్ లాంజెవాన్. పదిహేనేళ్లలో ఆ కార్యాలయం నుంచి సుమారు 140 భవనాలు వచ్చాయి. కొండ ఎదురుగా 1889లో పూర్తయిన లాంజెవాన్ బ్లాక్ వాటిలో పెద్దది. దాన్ని తర్వాత ప్రధానమంత్రి కార్యాలయానికి కేటాయించారు. హాలిఫాక్స్ ఆర్మరీ ఇంకో రకం. సైనికుల కవాతుకు స్తంభాల్లేని హాలు కావాలి కాబట్టి, కప్పును మోయడానికి ఫింక్ ట్రస్సులనే ఉక్కు కడ్డీల చట్రాలు వాడారు. ఈ ట్రస్సులో పెద్ద త్రిభుజాన్ని చిన్న త్రిభుజాలుగా విడగొడతారు. నొక్కుడు పడే కడ్డీలు పొట్టివి, లాగుడు పడేవి పొడవైనవి. సన్నని ఉక్కు కడ్డీ నొక్కితే వంగుతుంది గానీ లాగితే బాగా మోస్తుంది కాబట్టి, తక్కువ ఉక్కుతో ఎక్కువ దూరం కప్పు వేయవచ్చు. బయట ఎర్ర ఇసుకరాతి గోడలు, గుండ్రని బురుజులు చూసి కోట అనుకుంటారు. లోపలికి వెళ్తే రైల్వే షెడ్డంత ఆధునికం.

అయినా ఆయన చివరి పదిహేనేళ్ల అసలు పని చిన్న పట్టణాల తపాలా కార్యాలయాలే. అవి డెబ్బైకి పైగా ఉన్నాయి. ఒంటారియోలో గాల్ట్, ఆల్మాంట్, మానిటోబాలో పోర్టేజ్ లా ప్రేరీ వాటిలో కొన్ని. ప్లాన్ దాదాపు ఒకటే. ప్రధాన వీధి మూలన స్థలం. కింది అంతస్తులో తపాలా, దాని ముందు గుండ్రని కమానులు. పైన కస్టమ్స్, పన్నుల కార్యాలయాలు. అటక అంతస్తులో కాపలాదారు కుటుంబం. నిటారైన కప్పు, ముందుకు పొడుచుకొచ్చిన త్రికోణపు గోడ, నిధులుంటే గడియారపు గోపురం. చిత్రాలు ఒట్టావాలో గీసేవారు, టెండర్ పిలిచేవారు, పని చూడటానికి స్థానికంగా ఒకరిని పెట్టేవారు. రాయి, ఇటుక ఆ ప్రాంతానివే.

ఇక్కడే ఫుల్లర్ పాత చిక్కుకు జవాబు దొరికింది. ఒకే ప్లాన్ పదిసార్లు కడితే పదకొండోదాని ఖర్చు ముందే తెలుస్తుంది. అంచనా ఊహ కాకుండా అనుభవం అవుతుంది. మార్చాల్సినవి ముఖభాగం, రాయి, గోపురం మాత్రమే. ఊరికో ముఖం, లోపల ఒకటే అస్థిపంజరం. దాన్ని మూస అని తేలిగ్గా తీసేయడం అన్యాయం. తీరం నుంచి తీరం దాకా ఒక కొత్త ప్రభుత్వం ఉన్నదని జనానికి కనబరిచిన భవనాలవి. ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండకపోవడం ఆయన శ్రద్ధకు గుర్తు. 1891లో కాంట్రాక్టుల కుంభకోణంలో లాంజెవాన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. అప్పటికి ఎంపీగా ఉన్న పాత కాంట్రాక్టర్ మెక్‌గ్రీవీని పార్లమెంటు నుంచే బహిష్కరించారు. ఫుల్లర్ 1896 దాకా పదవిలోనే ఉండి, డేవిడ్ ఈవర్ట్‌కు బాధ్యతలు అప్పగించారు. 1898 సెప్టెంబరు 28న ఒట్టావాలో కన్నుమూశారు. కొడుకు థామస్ డబ్ల్యూ. ఫుల్లర్ 1927లో అదే కుర్చీలో కూర్చున్నారు.

ఈ తపాలా కార్యాలయాలు చాలాచోట్ల వేరే పనులకు మారాయి. గాల్ట్‌లోనిది ఇప్పుడు గ్రంథాలయ శాఖ, పోర్టేజ్ లా ప్రేరీలోనిది నగర కార్యాలయం. ఇలాంటి గోడలకు ఎక్కువ హాని చేసేది వయసు కన్నా తప్పుడు మరమ్మతు. రాళ్ల మధ్య మొదట వేసింది సున్నపు గార. అది రాయికన్నా మెత్తన, గోడలోకి దిగిన తేమ అతుకుల గుండా బయటికి ఆరిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాచోట్ల ఆ గార గీకేసి సిమెంటు పూడ్చారు. సిమెంటు గట్టిది, తేమను వదలదు. నీరు రాయి గుండానే బయటికి రావాలి. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, రాతి ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. అతుకు చెక్కుచెదరకుండా, దాని పక్కన రాయి లోపలికి అరిగిపోయి కనిపిస్తే అది సిమెంటు పనేనని అనుమానించాలి. సరిచేయాలంటే రంపపు యంత్రం రాయి అంచులకు తగలకుండా, ఆ సిమెంటును చేతి ఉలితో నెమ్మదిగా తీసి, రాయికన్నా మెత్తగా ఉండే సున్నపు గారను పొరలు పొరలుగా నింపాలి. అది త్వరగా ఎండిపోకుండా తడిపిన గోనెసంచులు కప్పాలి. మంచు కురిసే నెలలకు చాలా ముందే ఈ పని ముగించాలి, ఎందుకంటే గట్టిపడని సున్నం గడ్డకడితే పొడి పొడిగా రాలిపోతుంది.